చిన్నపిల్లలకు బడి బయట పాఠాలు, చేత్తో చేసే పనులు: నల్లగొండ, పాలమూరు వైపు తరచుగా అడిగే ప్రశ్నలు

ఒకటి నుంచి ఐదో తరగతి దాకా చదివే పిల్లల్ని బడి గేటు దాటించి పాఠం చెప్తామన్నా, క్లాసులోనే మట్టి, నీళ్లు, గింజలు ముందర పెట్టి నేర్పిస్తామన్నా ఇంటివాళ్లకీ, కొందరు టీచర్లకీ కూడా బోలెడు సందేహాలు వస్తాయి. మా వైపు ప్రైమరీ బళ్లలో ఎక్కువగా వినిపించే ప్రశ్నలు, వాటికి ఒక టీచరుగా నా జవాబులు ఇవి.

ఇది పిక్నిక్కా, పాఠమా?

పాఠమే. పిల్లలు సంబురంగా ఉంటారు, దారంతా పాటలు పాడతారు, గట్టు మీద కూర్చుని బిస్కెట్లు తింటారు, అదంతా ఉండాల్సిందే, కానీ బయల్దేరే ముందు వాళ్ల దగ్గర ఒక ప్రశ్న ఉంటేనే అది పాఠం అవుతుంది. ఒక్క ప్రశ్న చాలు. "చెరువులో నీళ్లు అంత దూరంలో ఉన్న మడికి ఎట్ల పోతయ్?" అని ముందురోజు బోర్డు మీద రాసి, ఎవరికి తోచింది వాళ్లతో చెప్పించి, తప్పో ఒప్పో అనకుండా వదిలేయండి. మర్నాడు తూము దగ్గరికి వెళ్లగానే జవాబు వాళ్లే వెతుక్కుంటారు. పది విషయాలు ఒకేరోజు చూపించాలని చూస్తే ఏడేళ్ల పిల్లకు ఒక్కటీ గుర్తుండదు.

ముందు చదవడం, రాయడం రావాలి కదా, ఈ తిరుగుడు ఎందుకు?

నాకు ఎక్కువగా వచ్చే ప్రశ్న ఇదే. అడగడంలో తప్పు లేదు. మూడో తరగతి పూర్తయ్యేసరికి పిల్లలు అర్థం చేసుకుని చదవాలి, చిన్న లెక్కలు చేయాలి అని 2021లో మొదలైన కేంద్ర ప్రభుత్వ కార్యక్రమం నిపుణ్ భారత్ చెప్తోంది, మన రాష్ట్రంలో 2022 నుంచి నడుస్తున్న తొలిమెట్టు కార్యక్రమం కూడా దానికోసమే. నేను చెప్పేదల్లా ఒకటే, బయటికి తీసుకెళ్లడం ఆ చదవడం, రాయడంలో భాగమే.

ఆరేళ్ల పిల్లవాడి ముందు రెండు ఒకేలాంటి గ్లాసుల్లో సమానంగా నీళ్లు పోయండి. రెండూ సమానమే అంటాడు. ఇప్పుడు ఒక గ్లాసులో నీళ్లను వాడి కళ్లముందే సన్నగా పొడుగ్గా ఉన్న సీసాలోకి వంచండి. "సీసాలో ఎక్కువున్నయ్" అంటాడు. పిల్లల ఆలోచన ఎలా ఎదుగుతుందో చదివిన జీన్ పియాజే చేసి చూపించిన ప్రయోగం ఇది, ఇంట్లో ఎవరైనా చేయొచ్చు. ఈ వయసులో కంటికి ఎత్తుగా కనిపిస్తే ఎక్కువే. నోటితో ఎంత చెప్పినా ఆ అభిప్రాయం మారదు, వాడే తిరిగి వంచుకుని, మళ్లీ మళ్లీ పోసి చూసుకుంటే కొన్నాళ్లకు మారుతుంది. సుమారు ఏడు నుంచి పదకొండేళ్ల మధ్య పిల్లలు చేతిలో ఉన్న వస్తువు గురించి బాగా ఆలోచించగలరు, లేని వస్తువు గురించి ఆలోచించడం వాళ్లకు కష్టం. మన ప్రైమరీ తరగతులన్నీ దాదాపు ఆ వయసే.

ఇక రాయడం సంగతి. జనవరిలో, యాసంగి పల్లి పీకే రోజుల్లో, రెండో తరగతి పిల్లల్ని ఒక చేనుకు తీసుకెళ్లండి. పల్లికాయ ఎక్కడ కాస్తుందని ముందే అడిగితే ఊళ్లో పుట్టిన పిల్లల్లో కూడా సగం మంది "చెట్టుకు" అంటారు, కొందరు "ఏర్లకు" అంటారు. రైతు ఒక మొక్కను మట్టితో సహా పెకిలించి చేతికిస్తాడు. ఎర్రమట్టి దులుపుతుంటే అసలు సంగతి కనపడుతుంది. పసుపుపచ్చ పూలు పైన కొమ్మకు పూశాయి, పూత రాలిన చోట నుంచి సన్నటి ఊడలు కిందికి దిగి మట్టిలో గుచ్చుకున్నాయి, ఆ ఊడల చివర కాయలు ఊరాయి. అంటే వేరుకు కాయలేదు, కొమ్మకూ కాయలేదు. ఒక పిల్ల ఊడను వేలితో పట్టుకుని పై నుంచి కిందికి, కింద నుంచి పైకి చూసుకుంటూ "సార్, పువ్వు పైనుంది, కాయ భూమిల దాసుకుంది" అంది. బడికి వచ్చాక అదే వాక్యాన్ని బోర్డు మీద రాస్తే, ఇంకా గుణింతాలు సరిగ్గా రాని పిల్లలు కూడా దాన్ని చదివారు, ఎందుకంటే అందులో ఏముందో వాళ్లకు ముందే తెలుసు. పువ్వు, కాయ, ఊడ, మట్టి, గింజ, పొట్టు, ఒక్క పూటలో ఇన్ని మాటలు వాచకంలోంచి నేర్పడం నా వల్ల కాదు.

మా పిల్లలు ఇంటికాడ పనే చేస్తరు, బడికి పంపింది మళ్లీ పని చేయనీకా?

ఈ మాట కోపంగా అంటారు, ఆ కోపం వెనక చాలా ఉంది. పాలమూరు జిల్లాలో వలసలు, గద్వాల వైపు పత్తి విత్తనాల చేలల్లో క్రాసింగ్ పనికి, అంటే పూలకు చేత్తో పుప్పొడి అంటించే పనికి, పిల్లల్ని పెట్టిన రోజులు జనం మర్చిపోలేదు. పిల్లల్ని పని మాన్పించి బడికి తేవడానికి మన ప్రాంతంలో ఎంతోమంది కష్టపడ్డారు, ఆ పోరాటానికే శాంతా సిన్హా గారికి 2003లో మెగసెసే అవార్డు వచ్చింది. అందుకని ఈ విషయంలో టీచర్లు ఖచ్చితంగా ఉండాలి. బడి పేరుతో పిల్లలచేత కలుపు తీయించొద్దు, పత్తి ఏరించొద్దు, ఎవరి చేనులోనూ పంట కోయించొద్దు.

ఒక పిల్ల ఒక్క పల్లిమొక్క పీకి, కాయలు లెక్కపెట్టి, పక్కపిల్ల మొక్కకన్నా తన మొక్కకు ఎందుకు తక్కువ కాశాయని అడిగితే అది చదువు. అదే పిల్లచేత సాలు పొడుగునా పీకిస్తే అది కూలి. తేడా ఎక్కడుందో తల్లిదండ్రులకు ముందే చెప్పండి, వీలైతే ఒకరిద్దరిని వెంట రమ్మనండి. మొక్క గురించి పిల్లలకు మనకన్నా వాళ్లే బాగా చెప్తారు, పైగా వాళ్ల అమ్మో నాన్నో క్లాసుకు పాఠం చెప్తుంటే ఆ పిల్లల మొహాలు చూడాలి.

సరే, ఎక్కడికి తీసుకెళ్లాలి? నాగార్జునసాగర్‌కా?

ఒకటి, రెండు తరగతుల్ని సాగర్‌కు తీసుకెళ్లకండి. బస్సులోనే అలిసిపోతారు, డ్యామ్ వాళ్లకు ఒక పెద్ద గోడలాగే కనిపిస్తుంది. వాళ్లకు నడిచి వెళ్లి గంటలో తిరిగొచ్చే చోట్లే సరి. ఊరి చెరువు, పల్లె ప్రకృతి వనం, పంచాయతీ నర్సరీ, పోస్టాఫీసు, కుమ్మరి ఇల్లు, పిండిగిర్ని, అంగడి. ముఖ్యంగా అంగడి. ఇద్దరు పిల్లలకు కలిపి ఇరవై రూపాయలిచ్చి, కూరగాయలు కొని చిల్లర తెమ్మనండి. పావుకిలో అంటే ఎంతో, కాంటా ఎలా తూగుతుందో, కట్ట లెక్కన ఏది అమ్ముతారో, కిలో లెక్కన ఏది అమ్ముతారో ఒక్క పూటలో తెలుస్తుంది. అమ్మే అవ్వలు ఓపిగ్గా చెప్తారు, నేను చూసినంతలో ఒక్కరు కూడా విసుక్కోలేదు.

మూడో తరగతి నుంచి కొంచెం దూరం పోవచ్చు.

ఆ కొంచెం దూరాల్లో ఏవి మంచివి?

నల్లగొండ వాళ్లకు పక్కనే పానగల్లు ఉంది. ఛాయా సోమేశ్వరాలయంలో ఒక గర్భగుడిలో రోజంతా నీడ కదలకుండా కనిపిస్తుంది. ఈ గుడికి పోయేముందు బడి ఆవరణలో ఒక కర్ర పాతి, పొద్దున తొమ్మిదికి, పన్నెండుకి, మూడింటికి నీడ ఎక్కడుందో సుద్దతో గీయించండి. నీడ కదులుతుందనీ, మధ్యాహ్నం పొట్టిదవుతుందనీ పిల్లలకు రూఢి అయ్యాక గుడికి తీసుకెళ్తే "మరి ఇక్కడ ఎందుకు కదలట్లేదు సార్?" అని వాళ్లే అడుగుతారు. స్తంభాలు చాలా ఉన్నాయి, వెలుతురు ఒకే వైపు నుంచి కాక చుట్టూ నుంచి వస్తోంది అన్నంతవరకు నాలుగు, ఐదు తరగతుల వాళ్లకు చెప్పొచ్చు. కర్ర పాతకుండా నేరుగా గుడికి పోతే మాత్రం పిల్లలకు అది ఒక చీకటి గది, అంతే. అక్కడికి దగ్గర్లోనే పచ్చల సోమేశ్వరాలయం, మ్యూజియం, ఉదయ సముద్రం చెరువు ఉన్నాయి. అన్నీ ఒకేరోజు పెట్టుకోకండి.

పాలమూరు వాళ్లకు పిల్లలమర్రి. ఏడు వందల ఏళ్ల చెట్టని చెప్తారు. దీనికి చెద పట్టి, కొమ్మలు విరిగిపడితే, 2018లో ఆసుపత్రిలో మనిషికి ఎక్కించినట్టే సీసాలతో కొమ్మల్లోకి మందు ఎక్కించి బతికించుకున్నారు. పిల్లలకు ఈ కథ చాలా ఇష్టం, చెట్టుకు కూడా జబ్బు చేస్తుందని, ఎవరో ఒకరు చూసుకోవాలని తెలుస్తుంది. ముట్టుకోవద్దన్న చోట ముట్టుకోనివ్వద్దు. ఊళ్లో ఉన్న మర్రి దగ్గరికి వచ్చాక చేతులు చేతులు పట్టుకుని మాను ఎంతమంది పట్టు ఉందో కొలవడం, కాగితం పెట్టి క్రేయాన్‌తో బెరడు అచ్చు తీయడం చేయించండి.

పోచంపల్లి ఒకప్పుడు మన నల్లగొండ జిల్లాలోదే, ఇప్పుడు యాదాద్రి భువనగిరిలో ఉంది. మగ్గం గుంటలో కాళ్లు పెట్టి కూర్చున్న మనిషిని, అటూ ఇటూ పరిగెత్తే నాడెను పిల్లలు కన్నార్పకుండా చూస్తారు. పడుగు (నిలువు నూలు) ఏది, పేక (అడ్డం నూలు) ఏది అని చూపించండి. నూలుకు చిటికి కట్టి రంగులో ముంచితే కట్టిన చోట రంగు పట్టదు అన్నది చూశాక, బడికొచ్చి తెల్లబట్ట ముక్కకు దారం బిగించి పసుపునీళ్లలో ముంచితే సరిపోతుంది. ఆలేరు దగ్గరి శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం గారి సంగతి తప్పక చెప్పండి. ఒక్క చీరకు ఆసు పోయాలంటే, అంటే నేతకు ముందు నూలును మేకుల చుట్టూ చుట్టాలంటే, చేతిని వేలసార్లు అటూ ఇటూ తిప్పాలి, వాళ్లమ్మ భుజం నొప్పితో పడే బాధ చూడలేక ఆయన ఆసు యంత్రం తయారుచేశాడు, 2017లో పద్మశ్రీ ఇచ్చారు. సైన్స్ అంటే ఇంట్లో అమ్మ కష్టం నుంచి కూడా మొదలవుతుందని పిల్లలకు చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు తెలియదు. గద్వాల, నారాయణపేట వాళ్లకు మగ్గం చూడాలంటే ఇంతదూరం రావాల్సిన పనే లేదు.

సాగర్ ఐదో తరగతికి. 1955 డిసెంబర్ 10న నెహ్రూ పునాదిరాయి వేశారు, 1967లో కాలువలకు నీళ్లు వదిలారు, 26 గేట్లు. ఎడమ కాలువ నీళ్లు పారే ఊరి పిల్లలైతే తమ మడిలో నీళ్లు ఎక్కడినుంచి వస్తున్నాయో మ్యాపు మీద వేలితో గీసుకుంటూ పోవాలి, అప్పుడే ఆ ప్రయాణానికి అర్థం. గేట్లు ఎత్తిన రోజుల్లో మాత్రం చిన్నపిల్లలతో వెళ్లకండి, ఆ జనంలో ఎవరినీ పట్టుకోలేం.

సీతాఫలాల కాలంలో బాలానగర్ వైపు, బత్తాయి తోటలున్న చోట నల్లగొండ వైపు, ఎవరికి దగ్గరైంది వాళ్లు చూసుకోవచ్చు.

ఖర్చు ఎవరు పెట్టుకోవాలి?

నడిచిపోయే చోటికి ఖర్చే లేదు. దూరమైతే ఆర్టీసీ పల్లెవెలుగు బస్సు. 2023 డిసెంబర్ నుంచి ఆడపిల్లలకు, మేడమ్‌లకు, వెంటవచ్చే తల్లులకు టికెట్ లేదు, ఆధార్ చూపించి జీరో టికెట్ తీసుకోవాలి, జిరాక్సులు ఒప్పుకోరు, అందుకే అసలు ఆధార్ కార్డులే తెమ్మని ముందురోజే చెప్పండి. పన్నెండేళ్లలోపు మగపిల్లలకు సగం టికెట్. మధ్యాహ్నం భోజనం వంటవాళ్లకు చెప్తే పులిహోరో, కిచిడో కట్టిస్తారు. డబ్బులు కట్టలేని పిల్లను ఇంటి దగ్గర వదిలి మిగతావాళ్లను తీసుకెళ్లే ట్రిప్పు అసలు పెట్టొద్దు. అందరూ రాలేకపోతే దగ్గరి చోటు ఎంచుకోండి.

పిల్లలకు ఏమన్నా అయితే?

టెన్షన్ నాకూ ఉంటుంది, ఉండాలి కూడా. ముందు టీచరు ఒక్కరే వెళ్లి ఆ చోటు చూసి రావాలి. మూత లేని బాయి, బోరుగుంత, మోటార్ స్టార్టర్ డబ్బా, వేలాడే వైరు, తేనెతుట్టె, కుక్కలు ఎక్కడున్నాయో చూసుకోవాలి. పత్తి చేనులో మందు కొట్టిన రోజు అటువైపే పోవద్దు, రైతును అడిగి తెలుసుకోండి. ఆడపిల్లలకు బాత్రూం ఎక్కడుందో కనుక్కోకుండా దూరం ట్రిప్పు పెట్టుకోకండి, చాలామంది ఇది మర్చిపోతారు, పిల్లలు నీళ్లు తాగకుండా ఉగ్గబట్టుకుని కూర్చుంటారు.

చెరువు, కాలువ, కృష్ణ ఒడ్డు, ఎక్కడైనా సరే, నీళ్లలోకి దిగడం లేదు. చీలమండ దాకా కూడా లేదు. దీంట్లో బతిమాలుడు వినొద్దు.

ట్రాలీ ఆటో, ట్రాక్టర్, డీసీఎం ఎక్కించొద్దు, ఎంత దగ్గరైనా సరే. చిన్నతరగతులకు పదిమందికి ఒక పెద్దమనిషి ఉంటే మంచిది. జతలు జతలుగా నడిపించండి, ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు, తినేముందు తల లెక్క. హెచ్ఎంకు, తల్లిదండ్రులకు రాతపూర్వకంగా చెప్పి సంతకాలు తీసుకోండి. నీళ్ల బాటిల్, టోపీ లేదా తువ్వాల, దెబ్బ తగిలితే కట్టు కట్టే డబ్బా. 108 నంబరు పిల్లలకు కూడా తెలిసుండాలి.

ఏ నెలల్లో మంచిది?

వానలు తగ్గాక, అంటే సెప్టెంబర్ నుంచి ఫిబ్రవరి దాకా. బతుకమ్మ ముందు తంగేడు, గునుగు, బంతి తెచ్చి రంగుల వారీగా, ఆకుల వారీగా వేరు చేయించడం, తంగేడు పువ్వుకు ఐదు రేకులున్నాయని లెక్కపెట్టించడం ఒకటో తరగతికి మంచి పాఠం. మార్చిలో ఒంటిపూట బడులు మొదలయ్యాక మన ఎండల్లో బయటికి తీయకండి, నీడపట్టున చేసే పనులు చూసుకోండి.

బయటికి వెళ్లకుండా క్లాసులోనే ఏం చేయించొచ్చు?

చాలా ఉన్నాయి. ఓమనగుంటల్లో చింతగింజలు పంచుతూ పోతే కూడిక, తీసివేత, సమానంగా పంచడం అన్నీ వస్తాయి. సోల, తవ్వ, మానిక ఊళ్లో ఎవరి ఇంట్లోనైనా దొరుకుతాయి, సోలెడు బియ్యం ఎన్నిసార్లు పోస్తే తవ్వ నిండుతుందో, తవ్వ ఎన్నిసార్లు పోస్తే మానిక నిండుతుందో పిల్లల్నే కొలవనివ్వండి, కింద పడ్డ బియ్యం కోళ్లకు పోతాయి. పసుపు తడిపి కాగితానికి పూసి, ఆరాక దానిమీద సబ్బునీళ్లతో బొమ్మ గీయమనండి, ఎర్రగా తేలుతుంది, నిమ్మరసం చుక్క వేస్తే మళ్లీ పచ్చబడుతుంది. సున్నంతో కూడా అవుతుంది కానీ కంట్లో పడితే ప్రమాదం, చిన్నపిల్లలకు సబ్బే వాడండి.

ఇంకొకటి, మన నల్లగొండలో ప్రతి బడిలో చేయించాల్సింది. రెండు సీసాల్లో బురదనీళ్లు పోసి, ఒకదాంట్లో పటిక తిప్పి పక్కన పెట్టండి. పటిక వేసిన సీసాలో మట్టి పింజెలు పింజెలుగా కట్టుకుని త్వరగా అడుగుకు దిగుతుంది. పటిక, సున్నంతో నీళ్లలో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతిని నాగ్‌పూర్‌లోని నీరీ అనే పర్యావరణ పరిశోధన సంస్థ తయారుచేసింది, దాని పేరే నల్లగొండ టెక్నిక్. ఇక్కడ ఒక్క జాగ్రత్త. సీసాలో నీళ్లు తేటపడగానే పిల్లలు తాగొచ్చా అని అడుగుతారు. తాగొద్దు అని గట్టిగా చెప్పండి, తేటగా ఉన్నంత మాత్రాన మంచినీళ్లు కావు. ఫ్లోరైడ్ కంటికి కనిపించదు, రుచి తెలియదు, లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన నీళ్లు ఏళ్ల తరబడి తాగితే పళ్లు మచ్చలు పడతాయి, ఎముకలు వంగిపోతాయి. ఫ్లోరైడ్ నీళ్లతో బాధపడ్డ మర్రిగూడ వైపు పిల్లలకు తాతల నడక చూస్తే ఈ పాఠం సగం తెలిసిందే. ఆ తాతల్ని ఎగతాళి చేయకుండా, అప్పట్లో నీళ్లు ఎక్కడినుంచి తెచ్చుకునేవాళ్లు అని మర్యాదగా అడిగి తెలుసుకొమ్మని పంపండి.

సిలబస్ ఎప్పుడు పూర్తవుతుంది?

పరిసరాల విజ్ఞానం పుస్తకం తీసి చూడండి, నీళ్లు, చెట్లు, జంతువులు, ఊరి పనులు, పంటలు, ఆఫీసులు. బయట చూసేదంతా అందులో ఉన్నదే. ఒక పూట చేనులో గడిపితే తెలుగు, లెక్కలు, పరిసరాలు మూడింట్లోనూ ఒక్కో పాఠం ముందుకు జరుగుతుంది. ఏ పాఠానికి ఏ చోటో జూన్‌లోనే రాసుకుంటే సరిపోతుంది. 2020 జాతీయ విద్యావిధానంలో పుస్తకాల సంచి లేని పది రోజులు ఆరు నుంచి ఎనిమిదో తరగతి వాళ్లకు పెట్టారు, నన్నడిగితే ఆ అవసరం అంతకన్నా ముందు ఒకటో తరగతి వాళ్లకే ఉంది.

బడిలో నేనొక్కదాన్నే టీచర్ని, ఐదు తరగతులు. నాకెలా కుదురుతుంది?

అన్ని తరగతులూ ఒకే చోటికి, ఒక్కొక్కరికి ఒక్కో పని. చెట్టు దగ్గర ఒకటో తరగతి రాలిన ఆకులు ఏరుతుంది, మూడో తరగతి చుట్టుకొలత తీస్తుంది, ఐదో తరగతి నీడనుబట్టి ఎత్తు అంచనా వేస్తుంది. ఐదోవాళ్లకు చిన్నవాళ్లను అప్పగిస్తే బాగా చూసుకుంటారు, కానీ వాళ్లను పెద్దవాళ్లుగా లెక్కేయకండి, ఒక తల్లినో, అంగన్‌వాడీ టీచర్నో తోడు అడగండి.

నడవలేని, సరిగ్గా వినపడని పిల్లల సంగతి?

ముందు ఆ పిల్లకు కుదిరే చోటు చూసి, తర్వాత మిగతావాళ్లకు చెప్పండి. సరిగ్గా వినపడని పిల్లవాడు చేత్తో పట్టుకుని చూసే పాఠంలో మిగతావాళ్లతో సమానంగా ఉంటాడు, క్లాసులో వెనక బెంచీలో కూర్చునే పిల్లలే ఇక్కడ ముందుంటారు.

నేర్చుకున్నారో లేదో ఎలా తెలుస్తుంది?

పరీక్ష పెట్టకండి. బొమ్మ గీయమనండి, కిందొక వాక్యం రాయమనండి, రాయలేనివాళ్లు చెప్తే మీరు రాయండి. వెళ్లేముందు బోర్డు మీద చెప్పిన జవాబులు ఉన్నాయి కదా, వాటిలో ఏది మారింది, ఎందుకు మారిందని అడగండి. రెండు వారాల తర్వాత మళ్లీ ఒకసారి అడగండి, అప్పటికీ చెప్పగలిగితే అది నిలిచినట్టు.

ఫోటోలు గ్రూపులో పెట్టొచ్చా?

తల్లిదండ్రులు ఒప్పుకుంటే బడి గ్రూపులో పెట్టండి. స్టేటస్‌లో, బయట పేజీల్లో పిల్లల మొహాలు వద్దు.

మా పాప ప్రైవేటు స్కూల్, హోంవర్కే సరిపోతుంది. ఇంట్లో ఏం చేయాలి?

ఆదివారం ఒక గంట చాలు. ఆమెనే అడగనివ్వండి, ఆమె అడిగినదాని వెంబడే పొండి. చీమలు ఎటు పోతున్నాయో అంటే చీమల వెంటే పొండి. తెలియని ప్రశ్న వస్తే "తెల్వదు బిడ్డా, పోయి తాతను అడుగుదాం పా" అనండి, తాతకూ తెలియకపోతే సోమవారం టీచర్ని అడగమనండి. పిండి కలపడం, గింజలు నానబెట్టి మొలకలు కట్టడం, అద్దకం, బియ్యంలో రాళ్లు ఏరడం, ఇవి ఆడపిల్లకే కాదు, మగపిల్లవాడికి కూడా ఇవ్వండి.

నేను ఈ వారమే మొదలుపెట్టాలంటే?

బడి నుంచి నడిచిపోయే ఒక చోటు, ఒక ప్రశ్న, ఒక తోడు మనిషి. సోమవారం మీరొక్కరే వెళ్లి చోటు చూసి రండి, మంగళవారం హెచ్ఎంకు చెప్పి ఇళ్లకు చీటీలు పంపండి, బుధవారం పిల్లలతో జవాబులు ఊహింపజేయండి, గురువారం పొద్దున తొమ్మిదిన్నరకు బయల్దేరి పదకొండులోపు తిరిగి రండి, మధ్యాహ్నం బొమ్మలు గీయించి శుక్రవారం గోడకు అంటించండి. సాయంత్రం పిల్లల్ని తీసుకెళ్లడానికి వచ్చే అమ్మానాన్నలకు ఆ బొమ్మల గురించి పిల్లలచేతే చెప్పించండి.